లో పవర్ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఇంట్లో కట్టుకోవచ్చా? మన చట్టం ఏమంటోంది?

పోయిన నెల సోల్డరింగ్ వైరు కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతుంటే కింద ఒక కిట్ కనపడింది. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్, మీరే కట్టుకోండి, 190 రూపాయలు, డెలివరీ ఫ్రీ. వివరణలో "లో పవర్, లైసెన్స్ అక్కర్లేదు" అని రాసి ఉంది. ఆర్డర్ బటన్ దాకా వెళ్లి ఆగిపోయాను. ఎందుకంటే సరిగ్గా ఈ మాటే నమ్మి బీటెక్ రెండో ఏడాదిలో నేను ఒక పిచ్చి పని చేశాను. ముందు ఆ కథ చెప్తాను, తర్వాత చట్టం సంగతి చూద్దాం.

మా హాస్టల్ హైదరాబాద్ శివార్లలో ఉండేది. ఒక ట్రాన్సిస్టర్, చేత్తో చుట్టిన కాయిల్, ఒక ట్రిమ్మర్, కండెన్సర్ మైకు, 9 వోల్ట్ బ్యాటరీ. అంతా కలిపి వంద రూపాయల లోపు సామాను. సిటీలో 91 నుంచి 106 దాకా స్టేషన్లు నిండిపోయి ఉంటాయి కాబట్టి ఖాళీగా కనపడిన 107.5 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టాం. రాత్రి పది తర్వాత పాటలు, మధ్యలో మా రూమ్మేట్ మెస్ కూర మీద వ్యాఖ్యానం. మూడు బ్లాకుల్లో ఫోన్‌లలో వినపడుతుంటే మా ఆనందానికి హద్దు లేదు. యాంటెన్నాగా మీటరు వైరు కిటికీ బయట వేలాడదీసేసరికి గేటు బయట టీ కొట్టు దాకా వెళ్లింది.

నాలుగో రోజు మా కమ్యూనికేషన్స్ ల్యాబ్ సార్ పిలిచారు. ఆయన దగ్గర హామ్ రేడియో లైసెన్స్ ఉందని అప్పటికి మాకు తెలీదు. తిడతారనుకున్నాం. తిట్టలేదు. "ఏం బాబూ, మీ స్టేషన్ నాలుగు చోట్ల వస్తోంది, తెలుసా?" అన్నారు.

మా బోర్డుని ల్యాబ్‌లో స్పెక్ట్రమ్ అనలైజర్ పక్కన పెట్టించారు. 107.5 దగ్గర పెద్ద గీత. 215 దగ్గర ఇంకోటి. 322.5 దగ్గర ఇంకోటి. 430 దగ్గర చిన్నది. వీటినే హార్మోనిక్స్ అంటారు. అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల దగ్గర వచ్చే దొంగ సిగ్నల్స్. ఒక్క ట్రాన్సిస్టర్ ఆసిలేటర్‌కి ఫిల్టర్ ఏమీ ఉండదు కాబట్టి ఇవన్నీ యాంటెన్నాలోకి వెళ్లిపోతాయి. 215 టీవీ బ్యాండ్. 322 ఉన్న ప్రాంతాన్ని, అంటే 225 నుంచి 400 మధ్య భాగాన్ని, చాలా దేశాల్లో సైనిక విమానాలు వాడతాయి.

తర్వాత సార్ బోర్డు దగ్గరికి చెయ్యి తీసుకెళ్లారు. తాకలేదు, దగ్గరగా పెట్టారంతే. పెద్ద గీత పక్కకి జరిగింది. 107.9, 108.1, 108.3.

"108 తర్వాత ఏముంటుంది?"

"తెలీదు సార్."

"విమానాలు. 108 నుంచి 112 దాకా రన్‌వే మధ్యగీత ఎక్కడుందో పైలట్‌కి చూపించే సిగ్నల్ ఉంటుంది. 118 నుంచి పైలట్లు, టవర్ మాట్లాడుకుంటారు. మీ హాస్టల్ మీదుగా రోజూ ఎన్ని వెళ్తున్నాయో చూశావా?"

చూశాను. రోజూ టెర్రస్ మీద కూర్చుని లెక్కపెట్టేవాళ్లం. ఆ రోజు సాయంత్రం మళ్లీ టెర్రస్ ఎక్కాలంటే మనసొప్పలేదు. మా వల్ల ఏమీ జరగలేదు, బహుశా జరిగేది కూడా కాదేమో. కానీ మేం ఆ విషయం లెక్కవేసుకుని మొదలుపెట్టలేదు కదా. మా లెక్కంతా టీ కొట్టు దాకా వినపడుతోందా లేదా అనే.

చట్టం ఏం చూస్తుంది?

మనలో చాలామంది అనుకునేది ఇది: ప్రసారం చేస్తే తప్పు, కట్టుకుని ఇంట్లో పెట్టుకుంటే తప్పు కాదు. నిజానికి మన చట్టం మొదటినుంచీ అలా లేదు. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం పట్టుకునేది "కలిగి ఉండటాన్నే". లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ పరికరం మీ దగ్గర ఉండకూడదు అన్నది ఆ చట్టం మూల సూత్రం. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, 1980ల దాకా మామూలుగా పాటలు వినే రేడియోకి కూడా పోస్టాఫీసులో ఏటా లైసెన్స్ ఫీజు కట్టేవాళ్లు. మా తాతయ్య పుస్తకం ఒకటి ఇప్పటికీ మా బీరువాలో ఉంది, స్టాంపులతో సహా. వినే రేడియోలకి ఆ బాధ పోయింది. ప్రసారం చేసేవాటికి పోలేదు.

ఆ చట్టంలో లైసెన్స్ లేని ట్రాన్స్‌మిటర్ కలిగి ఉంటే శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు చూసి నవ్వుకోవద్దు. పాతకాలపు వెయ్యి అది. పైగా ముందున్న మూడేళ్లు ఏ కాలంలోనైనా మూడేళ్లే. పాస్‌పోర్ట్‌కో ఉద్యోగానికో పోలీస్ వెరిఫికేషన్ వచ్చినప్పుడు కేసు సంగతి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఈ పాత చట్టాన్నీ, 1885 టెలిగ్రాఫ్ చట్టాన్నీ తీసేసి వాటి స్థానంలోకి రావడానికే 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం చేశారు. 2024 జూన్ నుంచి విడతలుగా దాని సెక్షన్లని అమల్లోకి తెస్తూ వచ్చారు. ఇందులో కూడా మూడో సెక్షన్ అనుమతి తీసుకోవాల్సిన పనులు మూడు చెప్తుంది: టెలికాం సేవలు ఇవ్వడం, నెట్‌వర్క్ పెట్టడం, రేడియో పరికరం కలిగి ఉండటం. అంటే 90 ఏళ్ల తర్వాత రాసుకున్న కొత్త చట్టంలోనూ "కలిగి ఉండటం" అన్న మాట అలాగే ఉంది. అనుమతి లేకుండా నెట్‌వర్క్ పెడితే మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల దాకా జరిమానా అని ఇందులో ఉంది.

ఇంతకీ "లో పవర్" అన్న మాట ఎక్కడ? ఉంది, కానీ మనం అనుకున్న చోట లేదు. కేంద్ర ప్రభుత్వం కొన్ని ఫ్రీక్వెన్సీలని ఎంచి, "ఈ బ్యాండ్‌లో, ఇంత పవర్ లోపల, ఇలాంటి పరికరం అయితే లైసెన్స్ అక్కర్లేదు" అని విడివిడిగా రూల్స్ ఇస్తుంది. ఫ్రీక్వెన్సీ, పవర్, పరికరం, ఈ మూడూ కలిస్తేనే మినహాయింపు. పవర్ తక్కువ అన్న ఒక్క కారణంతో మన దేశంలో ఏ ట్రాన్స్‌మిటరూ దానంతట అదే చట్టబద్ధం అయిపోదు. ఆ 190 రూపాయల కిట్ అమ్మేవాడు దాచిపెట్టింది ఇదే. వాడికీ తెలీదేమో అనుకోండి.

యూట్యూబ్ అమెరికాది, ఇల్లు మనది

"లైసెన్స్ అక్కర్లేదు" అని చెప్పే వీడియోలు చాలావరకు అమెరికావి. అక్కడ వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. అమెరికా ఎఫ్‌సీసీ పార్ట్ 15 రూల్స్ ప్రకారం ఎఫ్ఎం బ్యాండ్‌లో లైసెన్స్ లేకుండా ప్రసారం చేయొచ్చు. అయితే 3 మీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకి 250 మైక్రోవోల్ట్‌లు దాటకూడదు. ఇది సుమారు 200 అడుగుల దూరం వినపడటానికి సరిపోతుంది, అంతే. సొంతంగా చేసుకున్న పరికరాలకి కూడా అక్కడ ఒక వెసులుబాటు ఉంది: సొంత వాడకానికి, అమ్మకానికి కాకుండా, ఐదుకి మించకుండా చేసుకోవచ్చు. కానీ కిట్ కొని కట్టినది ఆ వెసులుబాటు కిందకి రాదు. వీడియోలో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

బ్రిటన్‌లో అయితే ఐపాడ్ పాటలు కారు రేడియోలో వినడానికి వాడే చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు 2006 డిసెంబర్ దాకా చట్టవిరుద్ధమే. అప్పుడు అనుమతిచ్చిన పవర్ ఎంతో తెలుసా? 50 నానోవాట్లు. మా హాస్టల్ బోర్డు 10 మిల్లీవాట్లు ఇచ్చిందనుకుందాం. అది దానికి 2 లక్షల రెట్లు. మేం దాన్నే "లో పవర్" అనుకున్నాం!

అమెరికాలో చదువుకుంటున్న మన వాళ్లు ఇది చదువుతుంటే ఇంకో మాట. ఆ 250 మైక్రోవోల్ట్‌ల గీత దాటితే అక్కడ సరదాగా ఉండదు. 2020లో వచ్చిన పైరేట్ చట్టం దొంగ స్టేషన్ల మీద రోజుకి లక్ష డాలర్ల దాకా, మొత్తం 20 లక్షల డాలర్ల దాకా జరిమానా వేసే అధికారం ఇచ్చింది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి అసలు అవసరమా చెప్పండి.

మంచి పనికైనా ఇదే రూలా?

అవును, ఇదే. బీహార్‌లో వైశాలి జిల్లా మన్సూర్‌పూర్ అనే ఊళ్లో రిపేర్ షాపు నడిపే ఒక కుర్రాడు 50 రూపాయల సామానుతో రాఘవ్ ఎఫ్ఎం అని స్టేషన్ పెట్టాడు. భోజ్‌పురి పాటలు, ఊరి కబుర్లు, తప్పిపోయిన పిల్లల ప్రకటనలు. చుట్టుపక్కల ఊళ్లన్నీ విన్నాయి. 2006లో బీబీసీలో కథనం వచ్చి దేశమంతా తెలిసింది. ఆ వెంటనే లైసెన్స్ లేదని మూతపడింది.

మన దగ్గరా జరిగింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో మన రేడియో పేరుతో చిన్న ఎఫ్ఎం నడిపారు. కొన్ని నెలలకే లైసెన్స్ లేదన్న కారణంతో ఆగిపోయింది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది కదా, మరి ఊరివాళ్లకి ఎందుకివ్వరు అన్న వాదన అప్పట్లో గట్టిగానే నడిచింది. 2006 చివర్లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకి కూడా కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచింది. ఆ దారిలో వచ్చిందే జహీరాబాద్ దగ్గర మాచునూరులోని సంగం రేడియో. దళిత మహిళలు నడిపే ఈ స్టేషన్ 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది. స్టూడియో, రికార్డింగులు ఏళ్ల ముందే సిద్ధం చేసుకుని, క్యాసెట్ల మీద సంఘాల్లో వినిపించుకుంటూ, లైసెన్స్ కోసం ఎదురుచూశారు. నాకు ఈ కథ చదివినప్పుడల్లా మా నాలుగు రోజుల స్టేషన్ గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

కమ్యూనిటీ రేడియో లైసెన్స్ లాభాపేక్ష లేని సంస్థలకి, విద్యాసంస్థలకి ఇస్తారు. వ్యక్తులకి ఇవ్వరు. 100 వాట్ల ఈఆర్‌పీ దాకా, 30 మీటర్ల ఎత్తు యాంటెన్నా దాకా అనుమతి. మీ కాలేజీకి నిజంగా రేడియో కావాలంటే ప్రిన్సిపాల్‌ని ఒప్పించాల్సిన దారి ఇది.

మరి మనం ఏం కట్టుకోవచ్చు?

ఇక్కడే అసలు సరుకు ఉంది. ఎఫ్ఎం బ్యాండ్‌ని వదిలేస్తే ప్రయోగాలకి చోటు బాగానే ఉంది.

మొదటిది 2.4 గిగాహెర్ట్జ్. వైఫై, బ్లూటూత్ ఉండేది ఇక్కడే. 2005 నుంచి లైసెన్స్ లేదు, 4 వాట్ల ఈఐఆర్‌పీ దాకా. ఈఎస్‌పీ32 బోర్డుతో ఆడియో పంపండి, సెన్సర్ డేటా పంపండి, రిమోట్ కారు నడపండి. హాస్టల్‌లో పాటలు పంచుకోవాలన్న మా అసలు కోరిక ఈరోజు 400 రూపాయల ఈఎస్‌పీ32 మీద వైఫైతో తీరిపోతుంది.

రెండోది 865 నుంచి 868. ముందు 867 దాకా ఉండేది, 2021లో 868కి పెంచారు. 1 వాట్ ట్రాన్స్‌మిటర్, 4 వాట్ల ఈఆర్‌పీ దాకా. లోరా, మెష్‌టాస్టిక్ ఆడుకునేవాళ్ల బ్యాండ్ ఇదే. సాధారణంగా దొరికే ఎస్ఎక్స్1262 చిప్ గరిష్ఠంగా 22 డీబీఎం ఇస్తుంది, అంటే దాదాపు 158 మిల్లీవాట్లు. పరిమితికి చాలా లోపలే ఉన్నారు. ఇక్కడ మన వాళ్లు చేసే తప్పు ఒకటుంది, దాని మీద నాకు మహా కోపం. చవగ్గా దొరికిందని అమెరికా వెర్షన్ 915 మెగాహెర్ట్జ్ బోర్డు కొంటారు. అమెరికాలో 902 నుంచి 928 ఫ్రీ. మన దగ్గర 915కి కింద ఉన్నది సెల్‌ఫోన్లు టవర్‌తో మాట్లాడే 900 బ్యాండ్. మీ మెష్ మెసేజ్ మీ కాలనీ టవర్ చెవిలో అరుస్తున్నట్టు. టెలికాం కంపెనీలు తమ బ్యాండ్‌లో గోల ఎక్కడినుంచి వస్తోందో వెతికి పట్టుకుంటాయి, ఫిర్యాదు కూడా చేస్తాయి. కొనేటప్పుడే 868 బోర్డు చూసుకోండి, మెష్‌టాస్టిక్ సెట్టింగ్స్‌లో రీజియన్ ఇండియా అని పెట్టండి.

మూడోది 433 నుంచి 434. ఇక్కడ పరిమితి 10 మిల్లీవాట్లే. 433 లోరా బోర్డుని 20 డీబీఎం మీద పెడితే 100 మిల్లీవాట్లు, అంటే పదింతలు దాటేసినట్టు. గేట్ రిమోట్లలో వాడే చవక మాడ్యూల్స్‌కి వోల్టేజీ పెంచితే రేంజ్ పెరుగుతుందని చెప్తారు చూడండి, అది పవర్ పెంచడమే.

27 మెగాహెర్ట్జ్ దగ్గర సిటిజన్ బ్యాండ్ కూడా ఉంది, 5 వాట్ల దాకా. ఇప్పుడు వాడేవాళ్లు తక్కువ.

ఈఆర్‌పీ అంటే ఏంటని అడుగుతారేమో. ట్రాన్స్‌మిటర్ ఇచ్చే పవర్‌కి యాంటెన్నా గెయిన్ కలిపి చూసే లెక్క. అంటే మాడ్యూల్ పరిమితిలోనే ఉన్నా మీరు దానికి పెద్ద యాగి యాంటెన్నా తగిలిస్తే గీత దాటొచ్చు.

ఇక మూడింటిలో మూడో షరతు, పరికరం. పై రూల్స్ అన్నీ టైప్ అప్రూవల్ ఉన్న పరికరాన్నే ఒప్పుకుంటాయి. దీన్ని ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్, పొట్టిగా ఈటీఏ అంటారు. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ వింగ్ ఇస్తుంది. కాబట్టి 433లో మీరు సొంతంగా ట్రాన్సిస్టర్, కాయిల్‌తో కట్టిన ఆసిలేటర్‌కి పవర్ తక్కువే అయినా ఈ షరతు దగ్గర దెబ్బ తగులుతుంది. ఈటీఏ ఉన్న రెడీ మాడ్యూల్ కొని, దాని చుట్టూ మీ ప్రాజెక్ట్ కట్టుకోవడమే తెలివైన పని. అమ్మేవాడిని ఈటీఏ నంబర్ అడగండి. లేదంటే వేరే చోట కొనండి. కార్లకి అమ్మే బ్లూటూత్ ఎఫ్ఎం గాడ్జెట్‌కీ ఇదే ప్రశ్న వేయండి. అది షాపులో దొరుకుతోంది కాబట్టి నేను కట్టింది కూడా ఓకే అన్న లాజిక్ నడవదు. అసలు షాపులో దొరకడమే రుజువు కాదు. ఫ్రీక్వెన్సీ, ఈటీఏ వివరాలు లేకుండా వాకీటాకీలు అమ్ముతున్నందుకు 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ-కామర్స్ సైట్లకి నోటీసులు ఇచ్చింది.

రాస్ప్‌బెర్రీ పై ట్రిక్

బోర్డు ఏదీ కట్టకుండానే రాస్ప్‌బెర్రీ పై జీపీఐఓ 4 పిన్‌కి చిన్న వైరు తగిలించి ఎఫ్ఎం ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి 2012 నుంచి తిరుగుతోంది. చూడ్డానికి అద్భుతం. కానీ ఆ పిన్ ఇచ్చేది స్క్వేర్ వేవ్. 100 మెగాహెర్ట్జ్ మీద పెడితే 300, 500 దగ్గర కూడా గట్టిగానే వస్తుంది, మూడో హార్మోనిక్ వోల్టేజీ అసలుదానిలో మూడో వంతు. మా హాస్టల్ బోర్డు కథే, కాకపోతే ఇంకాస్త కచ్చితంగా. సాఫ్ట్‌వేర్ కాబట్టి చట్టం పట్టించుకోదు అనుకోవద్దు. వైరులోంచి సిగ్నల్ బయటికి వస్తే అది ట్రాన్స్‌మిటరే.

నిజంగా కట్టాలనుంటే

ట్రాన్స్‌మిటర్‌ని సొంత చేతులతో కట్టి, గాలిలోకి పంపి, చట్టం ముందు తల ఎత్తుకుని ఉండాలంటే మామూలు మనిషికి నాకు తెలిసిన మంచి దారి హామ్ లైసెన్స్. అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ పరీక్ష రాయాలి. 12 ఏళ్లు నిండితే చాలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ అక్కర్లేదు, జనరల్‌కి నిమిషానికి 8 పదాల వేగం కావాలి. ప్రశ్నలు ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, రూల్స్ మీద ఉంటాయి. బీటెక్ వాళ్లకి రెండు వారాల చదువు. అప్లికేషన్ సరళ్ సంచార్ పోర్టల్‌లో. పరీక్ష పాసయ్యాక లైసెన్స్ చేతికి రావడానికి నాకు నెలలు పట్టింది, ఓపిక పట్టండి. హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నుంచి. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన హామ్‌లు సునామీ వచ్చినప్పుడు అక్కడే ఉండి, ఫోన్లు తెగిపోయిన దీవుల నుంచి కబుర్లు బయటికి పంపారు.

లైసెన్స్ వస్తే మీకు 7.0 నుంచి 7.2, 144 నుంచి 146 లాంటి బ్యాండ్లు దొరుకుతాయి. అక్కడ సొంతంగా కట్టిన సెట్ వాడటం తప్పు కాదు, గౌరవం. ప్రపంచమంతా కట్టుకునే బిట్‌ఎక్స్ ట్రాన్సీవర్ డిజైన్ చేసింది హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్. మామూలు షాపులో దొరికే సామానుతో అయ్యేలా గీసిన సర్క్యూట్ అది. ఒక్కటి మాత్రం ఆశించకండి: హామ్ బ్యాండ్‌లో పాటలు వేయకూడదు, వ్యాపారం మాట్లాడకూడదు, అందరికీ ప్రసారం చేయకూడదు. ఇంకో హామ్‌తో మాట్లాడుకోవడమే. కాలేజీ, స్టార్టప్‌ల పరిశోధనకైతే వేరే ఎక్స్‌పెరిమెంటల్ లైసెన్స్ ఉంది.

నేను నా బిట్‌ఎక్స్ మొదటిసారి ఆన్ చేసే ముందు 50 ఓమ్ డమ్మీ లోడ్ పెట్టి, లో పాస్ ఫిల్టర్ తర్వాత ఏం వస్తోందో రెండు రోజులు కొలిచాను. మా ల్యాబ్ సార్ ఇప్పుడు రిటైరయ్యారు, ఆదివారం పొద్దున 7 మెగాహెర్ట్జ్ మీద దొరుకుతారు. నా మొదటి కాల్‌కి జవాబిచ్చింది ఆయనే. రిపోర్ట్ ఇచ్చి, కాసేపాగి, "ఈసారి ఒక్క చోటే వస్తున్నావయ్యా" అన్నారు.

లైసెన్స్ వచ్చేలోపు చేతులు ఖాళీగా ఉండలేకపోతే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ ఒకటి కొని, మీ ఇంటి చుట్టూ 88 నుంచి 108 దాకా, ఆ పైన ఏమేం ఉన్నాయో వాటర్‌ఫాల్ మీద ఒక రాత్రంతా చూడండి. 107.5 ఖాళీగా ఎందుకు కనపడుతుందో, దాని పక్కన ఎవరున్నారో అప్పుడు మీకే కనపడుతుంది.